2147483647: ఈ నంబర్ కూడా రివ్యూల్లో ఉండాలి

కొత్త రౌటరో, సీసీటీవీ రికార్డరో కొనేటప్పుడు స్పీడ్, స్టోరేజ్, వారంటీ చూస్తాం. నన్నడిగితే 2147483647 దాటాక అది పనిచేస్తుందా అని కూడా చూడాలి.

కోడింగ్ చేసేవాళ్లకి ఈ నంబర్ బాగా తెలుసు. 32-బిట్ సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద విలువ, అంటే 2³¹ − 1. ఇది ప్రధాన సంఖ్య కూడా. కంప్యూటర్లు లేని 1772లోనే ఆయిలర్ దీన్ని నిరూపించాడు. 1867 వరకు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య ఇదే.

మెషీన్‌కి మాత్రం అది ప్రధాన సంఖ్యా కాదా అన్నది అనవసరం. 64-బిట్ గరిష్ఠ విలువ 7తో నిశ్శేషంగా భాగమవుతుంది, అయినా ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా హద్దుతోనే. 2014లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ ఈ హద్దుని చేరడంతో యూట్యూబ్ కౌంటర్‌ని 64-బిట్‌కి మార్చింది.

వ్యూస్ కౌంటర్ సరే, గడియారం సంగతేంటి? చాలా సిస్టమ్స్ టైమ్‌ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్క 32 బిట్లలో ఉంటే, 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి నిండిపోతుంది. తర్వాతి సెకనుకి డేట్ 1901 డిసెంబర్‌కి వెళ్లిపోతుంది. డేట్ తప్పితే రికార్డింగుల వరుస చెడుతుంది, సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, కనెక్షన్లు ఆగిపోతాయి.

ఫోన్ల గురించి పెద్ద భయం లేదు. ఇప్పటివి దాదాపు అన్నీ 64-బిట్, పైగా మూడు నాలుగేళ్లకే మార్చేస్తాం. నా భయమంతా గోడకి తగిలించి మర్చిపోయే బాక్సుల గురించే. 32-బిట్ లైనక్స్ కెర్నల్‌కి కూడా 2020లో వచ్చిన 5.6 వెర్షన్‌తో పరిష్కారం దొరికింది. కానీ పాత కెర్నల్‌తోనే అమ్మి, అప్డేట్ ఇవ్వకపోతే ఆ పరిష్కారం మన ఇంటిదాకా ఎలా వస్తుంది?

"అప్పటికి ఇంకోటి కొనుక్కుంటాంలే" అంటారా? కారు పదిహేనేళ్లు వాడేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. అందులో స్క్రీన్ కూడా కంప్యూటరే.

కాబట్టి రివ్యూ రాసేవాళ్లం ఒక్క పని చేద్దాం. మన దగ్గరకొచ్చిన యూనిట్‌లో డేట్ 2038 జనవరి 20కి మార్చి, రీబూట్ చేసి, ఏమైందో రాద్దాం. డేట్ మార్చనివ్వకపోతే కంపెనీని అడిగి, జవాబు రాకపోతే అదీ రాద్దాం. బాక్స్ మీద "2038 తర్వాత కూడా పనిచేస్తుంది" అన్న ఒక్క లైన్ ఉంటే, నేను అందుకోసం వంద రూపాయలు ఎక్కువైనా ఇస్తాను.