కాగితం మీద ఖర్చు, బీరువాలో మందు

బేగంబజార్: ఇక్కడి టోకు దుకాణాలలో ఏ బస్తా ఎప్పుడు దిగిందో గుమాస్తాకు కంఠతా వచ్చు. పాత సరుకు ముందుకు, కొత్తది వెనుకకు. పక్కనే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి వంటి పెద్దాస్పత్రుల మందుల గదులకు ఈ విద్య ఇంకా ఎక్కువ అవసరం.

గడువు దాటిన మందును చెత్తకుండీలో పారవేయరాదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలో వేరుచేసి తయారీదారుకు తిప్పి పంపాలి, లేదా దహనం చేయించాలి. కొన్న సొమ్ము పోయిందే గాక కాల్చడానికీ ఖర్చే. అదే వారం మరో ఆస్పత్రిలో అదే మందు లేదని చీటీ రాసి పంపితే ఆ భారం రోగిది.

లెక్కలు లేక కాదు. తమిళనాడులో 1994లో ఏర్పడిన వైద్య సేవల సంస్థ ఆస్పత్రులకు పాసుపుస్తకాలిచ్చి మందుల పంపిణీని గాడిలో పెట్టింది. మన రాష్ట్రంలోనూ సర్కారు మందుల నిల్వలకు ‘ఈ-ఔషధి’ అనే కంప్యూటర్ పద్ధతి ఉన్నది.

చిక్కంతా చివరి మజిలీలో వస్తుంది. స్టోరు నుంచి వార్డుకు వెళ్లిన మందును అప్పుడే ఖర్చు కింద రాస్తే, వార్డు బీరువాలో మిగిలిన పెట్టెలు కంప్యూటరుకు కనిపించవు. వాడకం ఎక్కువన్న భ్రమతో మళ్లీ ఇండెంటు పోతుంది. దీనికి తలకిందులైన తప్పు మరొకటి. నెలకు 900 మాత్రలు పోయే చోట ఒక నెల సరుకే రాకుంటే లెక్కలో సున్నా పడుతుంది. దాన్ని కలిపి మూడు నెలల సగటు తీస్తే 600. అంటే కొరత వచ్చినందుకు మరుసటి నెల ఇంకా తక్కువ తెప్పిస్తారన్నమాట! ఆ సున్నాను విడిచి లెక్క కట్టాలి. వానాకాలపు జ్వరాలకు ఎండాకాలపు సగటు పనికిరాదు.

గడువు మూడు నెలలుండగానే జాబితా తీసి, ఎక్కువ వాడే ఆస్పత్రికి పంపితే చాలా వరకు నష్టం తప్పుతుంది. అయితే కిటికీ ముందు రోగుల బారు ఉండగా మాత్రలు కత్తిరించి ఇచ్చే ఫార్మసిస్టునే కంప్యూటరులో ఎక్కించమనడం న్యాయం కాదు. అందుకు వేరే మనిషి కావాలి.

గోషామహల్‌లో ఉస్మానియా కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగిన విషయం విదితమే. అక్కడ వార్డు బీరువాల లెక్క ఎవరు, ఏ వేళకు రాయాలో కూడా ముందే తేల్చవలసి ఉన్నది.