బాలలైకా పిల్ల పేరు రీటా

'డాక్టర్ జివాగో' చూసి బయటికొచ్చినవాళ్లు ఎవరైనా లారా గురించే మాట్లాడతారు. డెబ్బైల్లో సికింద్రాబాద్‌లో మా పెద్దక్కతో కలిసి మ్యాట్నీకి వెళ్లినప్పుడు నేనూ అంతే. లారాగా వేసిన జూలీ క్రిస్టీ కళ్లు, ఆ మంచు, ఆ సంగీతం... బస్టాపు దాకా నేనొక్కదాన్నే వాగుతూ ఉన్నాను. బస్సెక్కి కూర్చున్నాక అక్క నెమ్మదిగా అడిగింది, "చివర్లో ఆ వాయిద్యం వీపున తగిలించుకుని వెళ్లిపోయిందే, ఆ పిల్ల ఎవరే?"

నాకు తెలియదు. ఎవరికీ తెలియదని ఇన్నేళ్ల తర్వాత అర్థమైంది. మూడు గంటల పైచిలుకు సినిమా అది. ఆ కథంతా అలెక్ గిన్నెస్ చెబుతున్నది ఆ పిల్లకే. ఆమె ఎదురుగా కూర్చుని వింటుంది. చిన్నప్పుడు గొడవల్లో నాన్న తన చెయ్యి వదిలేశాడన్న సంగతి ఆమెతో చెప్పించడానికి ఆయన నానా తంటాలు పడతాడు. ఆ మాట నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయేటప్పుడు ఆమె ముఖం చూడండి. తర్వాత డ్యామ్ మీద నడిచి వెళ్లిపోతుంది, వీపున బాలలైకాతో. ఆ డ్యామ్ నిజానికి రష్యాలో లేదు, స్పెయిన్‌లోని అల్దెయాదావిలాది. ఆ పిల్ల రీటా టషింగమ్. లివర్‌పూల్ అమ్మాయి, 1942లో పుట్టింది.

పోయిన వానాకాలం మోకాలి ఆపరేషన్ తర్వాత నెలన్నర ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు ఆమె అరవైల సినిమాలు దొరికినన్ని, వచ్చిన ఏడాది వరసలో చూశాను. చూశాక ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. ప్రపంచ సినిమా గురించి తెలుగులో రాసేవాళ్లం, ఫిల్మ్ క్లబ్బుల్లో మాట్లాడేవాళ్లం, అందరం దర్శకుల పేర్లతోనే లెక్క రాసుకున్నాం. అది రిచర్డ్‌సన్ సినిమా, ఇది లెస్టర్ సినిమా, 'జివాగో' లీన్ సినిమా. ఆ మూడింట్లోనూ ఉన్న మనిషి మాత్రం ఏ పద్దులోనూ చేరలేదు.

'ఎ టేస్ట్ ఆఫ్ హనీ' 1961 నాటిది. షీలా డిలేనీ అనే సాల్‌ఫర్డ్ అమ్మాయి ఇరవై ఏళ్లు నిండకుండా రాసిన నాటకం దానికి మూలం. టోనీ రిచర్డ్‌సన్ కొత్త ముఖం కావాలని వెతుకుతుంటే, లివర్‌పూల్ ప్లేహౌస్‌లో పనిచేస్తున్న రీటా అర్జీ పెట్టుకుంది. అప్పటికి ఒక్క సినిమా కూడా చేసి ఎరగదు. పెద్ద నోరు, పెద్ద కళ్లు, పొట్టి జుట్టు. హీరోయిన్ అంటే ఇలా ఉండాలని అప్పటిదాకా గీసి పెట్టిన బొమ్మలో ఆమెది ఒక్క గీతా లేదు.

కథ జో అనే స్కూలు పిల్లది. తల్లీ కూతుళ్లు ఇంటావిడకి అద్దె ఎగ్గొట్టి, కిటికీలోంచి పెట్టెలు దించుకుని పారిపోతారు. తల్లికి కొత్త మొగుడు దొరుకుతాడు. జోకి ఓడలో వంటపని చేసే నల్లజాతి కుర్రాడు దగ్గరవుతాడు. ఓడ వెళ్లిపోతుంది, కడుపు మిగులుతుంది. ఆ సమయంలో ఆమెకు తోడొచ్చేవాడు జెఫ్రీ, స్వలింగ ప్రేమికుడు. ఇంగ్లండ్‌లో అది నేరం కాకుండా పోయింది 1967లో. అంటే ఈ సినిమా తీసేనాటికి జెఫ్రీ లాంటివాణ్ని జైల్లో పెట్టొచ్చు. ఈ ఇద్దరూ ఒకే పైకప్పు కింద వండుకుని, పోట్లాడుకుని, పుట్టబోయే బిడ్డ కోసం సిద్ధపడుతుంటే, మొగుడూ పెళ్లాలు కాని ఆ సంసారమే ఆ సినిమాలోకెల్లా నిజమైన సంసారం అనిపిస్తుంది.

ఇందులో రీటా ఎక్కడా మన జాలి అడగదు. కడుపుతో ఉన్న పిల్ల కదా, కన్నీళ్లు పెట్టిస్తుందేమో అనుకుంటాం. ఆమె విసుక్కుంటుంది, వెక్కిరిస్తుంది, బిడ్డ వద్దని అరుస్తుంది, మరుక్షణం నవ్వేస్తుంది. 1962లో కాన్ ఉత్సవం ఉత్తమ నటి బహుమతిని ఆమెకీ, కేథరిన్ హెప్‌బర్న్‌కీ కలిపి ఇచ్చింది. ఒకరు తలపండిన మహానటి, ఒకరు తొలి సినిమా చేసిన ఇరవై ఏళ్ల పిల్ల. హెప్‌బర్న్ పేరు మనకు కంఠతా వచ్చు.

ఆ సినిమాకి కెమెరా నడిపిన డెస్మండ్ డేవిస్ తర్వాత తనే దర్శకుడై, ఆమెతోనే 1964లో 'గర్ల్ విత్ గ్రీన్ ఐస్' తీశాడు. కథ ఎడ్నా ఓబ్రయన్‌ది. డబ్లిన్‌లో కిరాణా కొట్లో పనిచేసే కేట్, తండ్రి వయసున్న రచయితని ప్రేమిస్తుంది. పేరులో పచ్చకళ్లున్నా సినిమా మాత్రం బ్లాక్ అండ్ వైట్. అయినా రంగు లేని లోటు తెలియదు. ఆ రచయిత మాట్లాడుతుంటే కేట్ వింటూ ఉంటుంది. మొదట నోరు తెరుచుకుని వింటుంది. పోను పోను అదే మనిషి మాటలు అంతే శ్రద్ధగా వింటూనే దూరమైపోతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగిందో పట్టుకుందామని ఓ రాత్రి వెనక్కి తిప్పి తిప్పి చూశాను. దొరకలేదు.

ఆ తర్వాత కాలం మారింది. పొగగొట్టాల ఊళ్లు పోయి లండన్ ఫ్యాషన్ వచ్చింది. రిచర్డ్ లెస్టర్ 'ది నాక్' 1965లో కాన్‌లో అగ్ర బహుమతి తెచ్చుకుంది. అది చూస్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి బలాత్కారమని అరుస్తూ తిరిగితే, దాన్ని హాస్యంగా తీశారు. అప్పటి కాలం అటువంటిది అని సరిపెట్టుకోమంటారు కొందరు. నేను సరిపెట్టుకోను. కానీ అందులోనూ, చుట్టూ మగపిల్లలు తలాతోకా లేని చమత్కారాలు విసురుతుంటే, ఆమె మాత్రం పోగొట్టుకున్న అడ్రసు వెతుక్కునే మనిషిలాగే ఉంటుంది. 1967లో 'స్మాషింగ్ టైమ్' వచ్చేసరికి అన్నీ రంగులే. అది త్వరగా మరిచిపోవచ్చు.

మరిచిపోకూడనిది 1966 నాటి 'ది ట్రాప్'. కెనడా అడవుల్లో ఉచ్చులు పన్నే మొరటువాడిగా ఆలివర్ రీడ్. వాడికి అమ్మేసిన మూగపిల్ల రీటా. ఆమెకి ఒక్క మాటా లేదు. వాడి కాలు కుళ్లిపోతే ప్రాణం నిలపడానికి ఆమే నరకాలి. గొడ్డలి పట్టుకున్న ఆ చేతులు, వాడి మీద ఉన్న భయం, వాడు పోతాడేమోనన్న భయం, రెండూ ఒకే ముఖంలో. మాట లేకపోతే నటన ఎంత దూరం వెళ్తుందో చూపించడానికి నటన నేర్పే మన బడుల్లో వెయ్యదగిన సన్నివేశం అది.

ఆమె మన దేశానికీ వచ్చింది. 1969లో జేమ్స్ ఐవరీ తీసిన 'ది గురు'లో. సితార్ నేర్చుకోవడానికి వచ్చిన ఇంగ్లిష్ పాప్ గాయకుడిగా మైకేల్ యార్క్, ఉస్తాద్‌గా మన ఉత్పల్ దత్, శాంతి వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయిగా రీటా. సంగీతం విలాయత్ ఖాన్, కెమెరా సత్యజిత్ రాయ్ దగ్గర పనిచేసిన సుబ్రత మిత్ర. ఇంతమంది ఉద్దండులున్నా సినిమా చప్పగానే ఉంటుంది. అపర్ణాసేన్ ఉన్న సినిమా అని చెప్పుకుంటారే తప్ప ఇక్కడ ఎవరూ రీటాని తలుచుకోగా నేను వినలేదు.

2021లో వచ్చిన 'లాస్ట్ నైట్ ఇన్ సోహో'లో ఆమె అమ్మమ్మ. అరవైల లండన్ మోజులో ఊరు విడిచి వెళ్తున్న మనవరాలిని సాగనంపే అమ్మమ్మ. ఆ పాత్రకి ఆమెనే వెతికి పెట్టుకున్న దర్శకుడు ఎడ్గర్ రైట్‌కి నా నమస్కారం.

మన ఫిల్మ్ క్లబ్బులవాళ్లకి నాదొక్కటే విన్నపం. ఈసారి పాత బ్రిటిష్ సినిమాల వారం పెడితే, దర్శకుడి పేరు పక్కన పెట్టి ఈమె పేరు మీద పెట్టండి. ఐదు సినిమాలు చాలు. 'హనీ'తో మొదలుపెట్టండి, 'జివాగో'తో ముగించండి.

పోయిన దీపావళికి విజయవాడలో అక్క దగ్గరికి వెళ్లాను. అక్కకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ట్యాబ్ ఒళ్లో పెట్టి 'హనీ' చివరి సన్నివేశం వేశాను. వీధిలో పిల్లలు చలిమంట చుట్టూ గెంతుతుంటారు. జెఫ్రీ చెప్పకుండా చీకట్లోకి వెళ్లిపోయాడు. జో చేతిలో ఒక కాకరపువ్వొత్తి వెలుగుతుంటుంది. ఆమె దాన్నే చూస్తూ ఉంటుంది.

"బాలలైకా పిల్ల కదూ," అంది అక్క. అని, ట్యాబ్ ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "చెయ్యి కాలుతుందే, దూరంగా పట్టుకోమను," అంది.