టెండరుకు ముందు, టెండరు తరువాత

విశాఖపట్టణమున నౌకాశ్రయమునందును, ఉక్కు కర్మాగారమునందును జరుగు కొనుగోళ్లను గూర్చి పత్రికలు వ్రాయును, పార్లమెంటు ప్రశ్నించును. నగరపాలక సంస్థ వీధిదీపములకు, మురుగుకాలువలకు, నీటి గొట్టములకు వెచ్చించు పన్నుల సొమ్మునకు అట్టి విచారణ అరుదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లో టెండర్లను అంతర్జాలమున స్వీకరించు ఇ-ప్రొక్యూర్‌మెంటును ప్రవేశపెట్టిన పిదప, టెండరు పెట్టెచెంత బలవంతులు కాపుగాసి ఇతరులను దరిజేరనీయని దుస్థితి చాలవరకు తొలగినది. అది స్వల్పమైన మేలు కాదు. అయినను యంత్రము కాపాడునది టెండరు దాఖలగు ఘడియను మాత్రమే. అంతకుముందు ఒక పనిని ముక్కలుచేసి, టెండరు లేకయే పని నప్పగించు నామినేషను పరిమితికి లోబరచుటయు, ఒక్కనికే సరిపడునట్లు అర్హతలు వ్రాయుటయు, ఆ తరువాత చేయని పనిని కొలతల పుస్తకమైన ఎం-బుక్కున కెక్కించుటయు కంప్యూటరునకు గోచరింపవు. వార్డులో తిరుగాడు మనుష్యునకు గోచరించును.

ఆ మనుష్యుని ప్రతినిధియే విశాఖలో తొమ్మిదేండ్లు లేకపోయెను. 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో ముగియగా, మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. ఆ నడుమనే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరమును ఛిన్నాభిన్నము చేసినది. ఆ పిదప కేంద్రప్రభుత్వరంగ సంస్థల భాగస్వామ్యముతో నడచు ఈఈఎస్ఎల్ ద్వారా, విద్యుత్తు ఆదాతో వెల తీర్చు ఏర్పాటుపై ఎల్‌ఈడీ వీధిదీపములు వచ్చినవి. ఏర్పాటు మంచిదే. కాని పాలకమండలి అధికారము, స్థాయీసంఘపు అధికారము ప్రత్యేకాధికారి యొక్కని చేతనే ఉన్న కాలమది. అధికారులు దుష్టులని నా అభిప్రాయము కాదు. ప్రశ్నించువారు లేనిచోట సజ్జనుడైన అధికారికి సైతము తన నిర్ణయము సక్రమమని నిరూపించుకొను అవకాశము దక్కదు.

ఎన్నికైన సభ వచ్చినంతమాత్రమున చాలదు. సభ్యులు చదువుకొను వ్యవధి లేకుండ అప్పటికప్పుడు ముందుంచు టేబుల్ అజెండాలో కోట్ల పనులు ఆమోదము పొందుట మన పురపాలక సభలలో పాతుకొన్న దురాచారము. రాష్ట్రస్థాయిలోనో, వచ్చిన ధరను మరల వేలమున తగ్గింపజూచు రివర్స్ టెండరింగు 2019లో వచ్చి 2024లో రద్దయినది. ప్రభుత్వముతోపాటు నియమమును మారుచున్నది. తమిళనాడు 1998లోనే టెండర్ల పారదర్శకతకు శాసనము చేసికొన్నది. కర్ణాటక మరుసటి యేడు అదే త్రోవ పట్టినది. మనకును స్థిరమైన శాసనము కావలెను.

అది వచ్చువరకు పౌరుడు నిరాయుధుడు కాడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము దస్తావేజుల నకళ్లనే గాక, పనిని స్వయముగా పరిశీలించుటకును, వాడిన సామగ్రి నమూనా గైకొనుటకును హక్కు నిచ్చినది. మీ వీధిలో కాలువ త్రవ్వకము మొదలైననాడే అంచనా ప్రతి యడుగుడు. బిల్లు చెల్లింపునకు ముందే ఎం-బుక్కు నకలు కోరుడు.