ఒకసారి కోసిన పన్నుకు మళ్లీ నోటీసు

2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు నేలకు దిగి మళ్లీ లేవలేదు. సిబ్బంది జీతాలు అంతకు ముందునుంచే అరకొరగా అందుతున్నాయి. ఆ జీతాల్లోంచి కోసుకున్న పన్నునైనా సంస్థ ఖజానాకు జమ చేసిందా అంటే అదీ లేదు. ఆదాయపన్ను శాఖ పద్దులో డబ్బు పడలేదు కాబట్టి నోటీసులు ఉద్యోగుల ఇళ్లకు వెళ్లాయి. ఒక పైలట్ గుజరాత్ హైకోర్టు మెట్లెక్కాడు. జీతంలోంచి కోసేసిన పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయడం కుదరదని 2018లో కోర్టు తేల్చింది.

ఇందులో కోర్టు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1961 ఆదాయపన్ను చట్టంలోని 205వ సెక్షన్ చెప్పింది అదే. ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా ఇలాంటి బాకీల కోసం ఉద్యోగుల మీద బలవంతపు వసూళ్లు వద్దని 2015 జూన్‌లో అధికారులను ఆదేశించింది. కోసి కట్టని యజమానికి 3 నెలల నుంచి 7 ఏళ్ల దాకా జైలుశిక్ష వేసే వీలూ ఆ చట్టంలోనే ఉండేది. ఇన్ని ఉన్నా నోటీసు ఉద్యోగికి వస్తూనే ఉంది. రిటర్నులు చూసేది బెంగళూరు ప్రాసెసింగ్ సెంటర్‌లోని కంప్యూటర్. మన పేరున జమైన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో టీడీఎస్, అంటే జీతంలోంచి కోసిన పన్ను, కనిపించకపోతే అది బాకీ రాసేస్తుంది. సెక్షన్లూ తీర్పులూ చదవాల్సిన పని దానికి లేదు.

పోనీ, కట్టకుండా ఊరుకుంటే? రెండేళ్ల తర్వాత రావలసిన రిఫండును ఈ పాత బాకీ కింద మినహాయించుకుంటారు. ఇదీ దొడ్డిదారి వసూలేనని ఢిల్లీ హైకోర్టు 2023లో తప్పుపట్టింది. అయితే కోర్టుకు వెళ్లినవాడికే ఆ ఊరట. పద్దెనిమిది వేల బాకీ కోసం హైకోర్టు వకీలును పెట్టుకునే గుమాస్తా ఎవరు?

అందుకే చాలా ఇళ్లలో వినిపించే మాట, ‘కట్టేస్తే పీడా పోతుంది’. జూలై నెలాఖరు రద్దీలో కొందరు ఆడిటర్లూ ఇదే సలహా పారేస్తారు. కట్టడమంటే బాకీ ఒప్పుకున్నట్టే. ముందు ఆ నోటీసు చదవాలి. మెయిల్‌లో వచ్చే పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని వెంట పుట్టిన తేదీ. లోపల రెండు వరుసలుంటాయి: రిటర్నులో మనం చూపిన అంకెలు ఒకవైపు, శాఖ వేసిన లెక్క ఇంకోవైపు. అవి ఎక్కడ విడిపోయాయో అక్కడే అసలు సంగతి దొరుకుతుంది.

కొన్నిసార్లు తప్పు మనదే. 2022-23లో వచ్చిన ఆదాయానికి మదింపు సంవత్సరం 2023-24. చలానాలో పొరపాటున 2022-23 అని ఎంచుకుంటే డబ్బు సర్కారుకు చేరుతుంది గానీ వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది. అలాంటప్పుడు చలానా దిద్దించుకోవాలి, రెండోసారి కట్టడం కాదు.

శాఖ పద్దులు ఎంత పాతవో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామనే 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో బయటపెట్టారు. 1962 నాటి చిన్నాచితకా బాకీలు కూడా పుస్తకాల్లో మిగిలిపోయి, నిజాయతీగా పన్ను కట్టేవాళ్ల రిఫండులకు అడ్డు పడుతున్నాయని చెప్పి, 2009-10 వరకు 25 వేల రూపాయల దాకా, 2010-11 నుంచి 2014-15 వరకు 10 వేల దాకా ఉన్నవి రద్దు చేశారు. దాదాపు కోటిమందికి మేలు జరుగుతుందన్నారు. మంచిపనే. కానీ అరవై ఏళ్ల కిందటి బాకీకి రసీదు చూపమంటే ఏ మనవడు చూపగలడు?

నోటీసు మీద బెంగ పెట్టుకుని మూలన పడేస్తే నష్టం. గడువు 30 రోజులు. అది దాటితే నెలకు 1 శాతం వడ్డీ. బాకీ ఒప్పుకోకపోతే ఆ మాట ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లోనే నమోదు చేయవచ్చు. కంప్యూటర్ తప్పు స్పష్టంగా ఉంటే సవరణ కోరవచ్చు. యజమాని ఎగవేసిన కేసుల్లో మాత్రం మదింపు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, 2015 నాటి బోర్డు ఆదేశాన్ని జతచేయాలి. పన్ను కోశారనడానికి సాక్ష్యం పేస్లిప్పులు, నికర జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు. మాదాపూర్‌లో చిన్న స్టార్టప్ మూతపడితే ఆఫీసు మెయిల్ లాగిన్ కూడా దాంతోనే పోతుంది కాబట్టి, పేస్లిప్పులు నెలనెలా సొంత మెయిల్‌కు పంపుకోవడం, మూడు నెలలకోసారి 26ఏఎస్ తెరిచి యజమాని జమ చేశాడో లేదో చూసుకోవడం ఉద్యోగంలో ఉండగానే చేసుకోవలసిన పనులు.