ఆటవిడుపు: కర్ణుడి శక్తి, ఫైర్‌బాల్ లెక్క

చలికాలం వచ్చిందంటే హాలిఫాక్స్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి. పిల్లలంతా బేస్‌మెంట్‌లో చేరి పాచికలు దొర్లిస్తుంటే ఏం ఆడుతున్నారో ఎప్పుడైనా తొంగి చూశారా? మా బల్ల మీద మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడిపితే మిగతావాళ్లు తలో పాత్ర వేస్తారు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఆట ఇది. అందులో మొదట్లో మాంత్రికుడు వల్లె వేసుకున్న మంత్రాన్ని ఒకసారి ప్రయోగించగానే మరిచిపోయేవాడు. జాక్ వాన్స్ 1950లో రాసిన పుస్తకం నుంచి తీసుకున్న ఊహ అది. పరశురాముడి శాపం విన్న మనకు అదేమంత కొత్త కాదు.

ఈమధ్య మా బల్ల దగ్గర పన్నెండేళ్ల కుర్రాడు సొంతంగా ఒక క్లాస్, అంటే పాత్రకు ఒక వృత్తి, తయారుచేశాడు. పేరు అస్త్రధారి. రోజుకు మూడు అస్త్రాలు, ఒక్కోటి రెండు ఫైర్‌బాల్‌ల పెట్టు. ఫైర్‌బాల్‌కు ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేస్తారు, సగటున 28 దెబ్బ. ఈ అస్త్రానికి 56! మొదటి వంతులోనే యుద్ధం ముగిసింది. కత్తి పట్టుకున్న చెల్లెలు పాచిక చేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. "అంకుల్, రోజుకి మూడే కదా!" అన్నాడు వాడు.

అసలు కిటుకు ఆ "రోజు"లోనే ఉంది. అయిదో లెవెల్ విజర్డ్‌కు మొత్తం 9 స్లాట్లు, వాటిలో ఫైర్‌బాల్‌కు సరిపడేవి రెండే. రాత్రి నిద్రపోతేగానీ అన్నీ తిరిగి రావు (మధ్యలో కాస్త రాబట్టుకునే వీలుంది, దాన్నిక్కడ వదిలేద్దాం). వార్లాక్‌కు ఉన్నవే రెండు, కానీ గంటసేపు కూర్చుంటే మళ్లీ వస్తాయి. మధ్యలో రెండు విరామాలు దొరికితే వార్లాక్‌కు ఆరు పెద్ద మంత్రాలు, విజర్డ్‌కు రెండు. మరి మన పిల్లలు ఆదివారం రెండు గంటలు ఆడి ఒకే యుద్ధం చేస్తారాయె! అక్కడ దాచుకోవాల్సిన అవసరమే లేదు. ఉన్నదంతా కుమ్మరించేవాడిదే రాజ్యం.

కర్ణుడి సంగతి చూడండి. కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి దగ్గర పుచ్చుకున్న శక్తి ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి కృష్ణుడు ఘటోత్కచుణ్ణి పంపి దాన్ని ఖర్చు చేయించాడు. నన్నడిగితే కృష్ణుణ్ణి మించిన డంజన్ మాస్టర్ లేడు. సంఖ్య తగ్గించినంత మాత్రాన సమతూకం రాదు. దాచుకోవాలా, వాడెయ్యాలా అని ఆటగాడు తేల్చుకోలేకపోవాలి.

అందుకని కుర్రాడూ నేనూ కూర్చుని అస్త్రధారిని మార్చాం. దెబ్బ 56 అలాగే ఉంచాం, వాడి సరదా వాడిది. అస్త్రం మాత్రం ఒక్కటే, కథ మొత్తానికి ఒక్కసారే. రోజువారీ పనికి మామూలు విల్లు. నిద్రకు ముందు కనీసం మూడు పోరాటాలు. "పాతాళభైరవి"లో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారికే వశమవుతుంది కదా, ఆ పద్ధతిలో శత్రువు దొంగిలించగల మంత్రదండం కూడా పెడదామన్నాను. వాడు ఒప్పుకోలేదు.

రెండు ఆదివారాలు అస్త్రాన్ని ముట్టుకోలేదు. మూడో వారం చెల్లెల్ని ట్రోల్ నేలకేసి కొట్టింది. వాడు చాలాసేపు పాచికలు గలగలలాడించి, చివరికి అస్త్రం వదిలాడు. ట్రోల్ పోయింది, చెల్లెలు లేచింది. గుహలో అసలు మాంత్రికుడు ఇంకా అలాగే ఉన్నాడు.