తాళంచెవి పోయిందన్నది జవాబు కాదు

అర్జీ పట్టుకుని సర్కారు ఆఫీసుకు వెళ్లిన రైతు ఎదురు చెప్పలేని జవాబు ఒకటుంది. ‘మీ కాగితం ఆ బీరువాలోనే ఉండాలి, తాళంచెవి మాత్రం లేదు’. ఇవ్వం అనలేదు కాబట్టి పోట్లాడటానికి లేదు. పోయింది అనలేదు కాబట్టి ఫిర్యాదు చేయడానికీ లేదు. పాత గుమాస్తా బదిలీ మీద వెళ్లాడని, ఆయన ముందున్నాయన రిటైరయ్యాడని కథ వెనక్కి నడుస్తుంది. నిజానికి తాళం వేసిన పాత బీరువాను తెరవడం పెద్ద పని కాదు. తెరిచాక లోపల ఉన్నదానికీ లేనిదానికీ ఎవరు సంతకం పెట్టాలన్నదే పెద్ద పని. ఆ సంతకం భయంతోనే బీరువాలు మూసి ఉంటాయి, నెపం తాళంచెవి మీదికి పోతుంది.

ముందు ఆ నెపం సంగతి చూద్దాం. ఆఫీసుల్లో కనిపించే నాలుగు సొరుగుల ఇనప పెట్టెకు చాలావరకు పైమూలన ఒకటే చిన్న తాళం ఉంటుంది. దాన్ని నొక్కితే లోపల ఒక పట్టీ కదిలి సొరుగులన్నిటినీ బిగిస్తుంది. చాలా తాళాల ముఖం మీద చిన్న నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరును బట్టి కొత్త తాళంచెవి చేయించవచ్చు. నంబరు చెరిగిపోతే తాళాలు బాగుచేసేవాడు కన్నంలోకి చూసి చెవి అరగదీస్తాడు. తుప్పు పట్టి బిగుసుకుంటే నూనె వేస్తారు. అదీ కుదరకపోతే డ్రిల్లుతో తాళం వరకు తొలిచి, దాని చోట కొత్తది బిగిస్తారు. పెట్టెకు, కాగితాలకు హాని ఉండదు. ఏ సంతలోనైనా దొరికే పనివాడు చేయగల పని ఇది. అలాంటి పనికి ఏళ్ల తరబడి దిక్కులేదంటే నమ్మడం కష్టం.

సంతబొమ్మాళి, టెక్కలి, పలాస వైపు ఈ సంగతి మరింత బరువైనది. ఈ సీమ 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది. ఒడిశా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. జమీందారీ ఎస్టేట్లు 1948 చట్టంతో రద్దయ్యాయి, కరణాల వ్యవస్థ 1984లో పోయింది, ఆ మరుసటి ఏడు తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ప్రతి మార్పులోనూ భూమి లెక్కలు ఒక చేతి నుంచి మరో చేతికి, ఒక గది నుంచి మరో గదికి మారుతూ వచ్చాయి. ఇన్నిసార్లు చేతులు మారిన చోట ఒక తాళంచెవి ఎక్కడో జారిపోవడం వింత కాదు. దానికి తోడు నౌపడ ఉప్పు మడుల మీదుగా వీచే గాలికి ఇనుము నిలవదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెరవని బీరువాలో చెమ్మ పట్టిన కాగితానికి పరీక్ష పెట్టడానికి ఇలాంటి తుపాను మరొకటి చాలు. మరోపక్క 2023 ఏప్రిల్‌లో ఇక్కడే మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఓడరేవుకో రోడ్డుకో భూమి ఇచ్చే కుటుంబానికి పరిహారం దక్కాలంటే తాతల నాటి అడంగల్ అయినా చూపించాలి.

తెరవడం ఎలాగో చూపించిన ఉదాహరణ మనకు దూరంలో లేదు. పూరీ జగన్నాథ ఆలయంలోని రత్నభాండాగారం లోపలి గది తాళంచెవులు కనిపించడం లేదని 2018లో బయటపడింది. కొద్దిరోజులకే కలెక్టరేటు రికార్డు గదిలో మారు తాళంచెవులని రాసి ఉన్న కవరు దొరికింది. 2024 జులై 14న ఆ చెవులతో తాళాలు రాకపోతే మేజిస్ట్రేటు సమక్షంలో పగలగొట్టి లోపలికి వెళ్లారు. మళ్లీ కొత్త తాళాలు వేసి సీలు వేశారు. కోట్లాది భక్తుల కళ్లు నిలిచిన చోటే తాళం పగలగొట్టడం తప్పు కాలేదంటే, కారణం అది పదిమంది ఎదుట, బాధ్యులైన అధికారుల చేతుల మీదుగా జరగడం. మండలాఫీసు బీరువాకు ఇందులో పదో వంతు జాగ్రత్త చాలు: తహశీల్దారు ఉత్తర్వు, ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం, ఫోన్‌తో వీడియో, ప్రతి కట్టకూ వరుస నంబరు వేసిన పంచనామా.

చట్టం కూడా ఈ వైపే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మొదటి మాటే, ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన దస్త్రాలను వర్గీకరించి జాబితా వేసి ఉంచాలన్నది. తాళం వేసి లోపల ఏముందో తెలియని బీరువా ఉందంటే ఆ సెక్షను అక్కడ అమలు కానట్టే. ఫైలు దొరకలేదని చేతులు దులుపుకోకుండా గట్టిగా వెతకాలని, అయినా దొరక్కపోతే బాధ్యులెవరో తేల్చాలని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. జాబితా లేకపోతే నష్టం ఎంతో చెప్పలేమని కూడా గుర్తుంచుకోవాలి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయినప్పుడు ఎదురైన ప్రశ్నల్లో ఒకటి, ఏవేవి కాలాయి అన్నది. ముందే జాబితా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతుక్కోనక్కర్లేదు.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాక పాత కాగితం ఎందుకన్నది మొదటిది. కంప్యూటర్లోకి ఎక్కించినదే ఆ కాగితంలోంచి. ఎక్కించిన చేతి వల్ల సర్వే నంబరులో తప్పు దొర్లితే దాన్ని నిలదీయగలిగేది మూలప్రతి ఒక్కటే. గోప్యమైన కాగితాలు బయటపడతాయన్నది రెండోది. జాబితా రాయడం అంటే కాగితాన్ని పంచిపెట్టడం కాదు. పైగా ఇరవై ఏళ్లు దాటిన విషయాలను దేశభద్రత, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప ఇవ్వాల్సిందేనని అదే చట్టం చెబుతోంది. మూడోది గట్టి అభ్యంతరం: తాళాలు పగలగొట్టడానికి దారి ఇస్తే దొంగ కాగితాలు లోపల పెట్టేవాళ్లు, అసలువి తీసేవాళ్లు బయల్దేరతారు. ఈ భయం నిజమే. అందుకే సాక్షులు, వీడియో, వరుస నంబర్లు. కానీ మూసి ఉంచడం దానికి మందు కాదు. తాళంచెవి పోయిందంటే అది ఎవరి జేబులోనైనా ఉండవచ్చు, ఆ ఒక్కడికి బీరువా ఎప్పుడూ తెరిచే ఉన్నట్టు.

కాబట్టి కలెక్టరు ఇవ్వాల్సిన ఉత్తర్వు చిన్నదే. తెరుచుకోని ప్రతి బీరువానూ గడువు పెట్టి, సాక్షుల ఎదుట తెరవాలి. జాబితా ఒక ప్రతి కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి. మారు తాళంచెవి సీలు వేసి ఖజానాలో ఉంచాలి. బదిలీ అయ్యే ఉద్యోగి ఆ జాబితా అప్పగించి సంతకం పెట్టాకే కదలాలి. అర్జీదారులూ ఒక పని చేయవచ్చు. తాళంచెవి లేదన్న జవాబును నోటిమాటగా తీసుకోకుండా రాతపూర్వకంగా ఇమ్మనాలి. ఆ మాట కాగితం మీద రాయడానికి ఒప్పుకునే అధికారులు తక్కువ, తాళం తెరిపించేవాళ్లే ఎక్కువవుతారు.