పులికి వాడే లెన్సు మనుషులకెందుకు?

కొత్తగా కెమెరా కొన్న సాఫ్టువేరు మిత్రులందరూ అడిగే మొదటి ప్రశ్న: "తర్వాత ఏ లెన్సు కొనాలి?" అడుగుతూనే జవాబూ వాళ్ళే చెప్పేస్తారు, "70-300 అయితే అన్నిటికీ పనికొస్తుందట కదా!" అని. బోనస్ పడిన నెలలో అయితే అది 100-400 అవుతుంది :)

లెన్సు కొనేముందు అది ఎంత దూరం లాగుతుందని చూస్తాం. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది, ఫోటో తీసేటప్పుడు మనం ఎక్కడ నిలబడాలి అన్నది.

చిన్న లెక్క చూద్దాం. మనలో ఎక్కువమంది దగ్గర ఉండేవి ఏపీఎస్-సీ సెన్సరు కెమెరాలు. సెన్సరు వెడల్పు 23 మి.మీ. అటూ ఇటూ. దాన్ని ఫోకల్ లెంగ్తుతో భాగించి, దూరంతో గుణిస్తే ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. 35 మి.మీ. లెన్సుతో 1.2 మీటర్ల దూరంలో కూర్చున్నా, 300 మి.మీ. లెన్సుతో 10 మీటర్ల అవతల నిలబడ్డా పట్టేది ఇంచుమించు 80 సెంటీమీటర్లే. ఫ్రేము ఒకటే, ఫోటోలు మాత్రం వేరు. దగ్గర్నుంచి తీస్తే చేతులు ముందుకొస్తాయి, వెనకాల ఇల్లంతా కనబడుతుంది. దూరం నుంచి తీస్తే వెనకదంతా మసకబారి మనిషొక్కడే మిగులుతాడు.

2016లో పాత పాలమూరు జిల్లాలోంచి విడిపోయిన మూడు జిల్లాల్నే ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాదు నుంచి వీకెండుకి కెమెరా పట్టుకుని వెళ్ళడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

ముందు గద్వాల. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ చీర నేసేది గుంట మగ్గం మీద. నేసే మనిషి గుంటలో కాళ్ళు పెట్టుకుని నేల మట్టాన కూర్చుంటాడు. గది చిన్నది, వెలుతురు తక్కువ. అక్కడ 70-300 పట్టుకుని వెనక్కి జరగాలంటే గోడ అడ్డం. కావాల్సింది 35 మి.మీ. ఎఫ్/1.8. కెమెరాతో పాటొచ్చే 18-55 కూడా 35 దగ్గర పనిచేస్తుంది గానీ, అక్కడ దాని అపర్చరు ఎఫ్/4.5 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్/1.8 అంటే దానికి ఆరు రెట్లు వెలుతురు. 1/20 సెకను దగ్గర మసగ్గా వచ్చే చెయ్యి 1/125 దగ్గర నిలబడుతుంది. అదే జిల్లాలో అలంపురం నవబ్రహ్మ ఆలయాలకి వెళితే 10-18 లాంటి వైడ్ లెన్సు బ్యాగులోంచి తీయొచ్చు. కాకపోతే కెమెరా పైకెత్తితే శిఖరాలు వెనక్కి వాలినట్టు వస్తాయి. కుదిరితే నాలుగడుగులు వెనక్కి వేసి, కెమెరా నిటారుగా పెట్టి తీయండి.

వనపర్తి జిల్లాలో సరళాసాగర్ ఉంది. 1959లో పూర్తయింది. నీళ్ళు ఒక మట్టం దాటగానే ఎవరూ గేటెత్తకుండానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ నీళ్ళు దూకుతున్నప్పుడు దగ్గరికెళ్ళడం సాహసం కాదు, తెలివితక్కువతనం. ఇక్కడ 70-300 సరైన లెన్సు.

నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాద్ టైగర్ రిజర్వు. ఫర్హాబాద్ సఫారీకి 400 మి.మీ. అయినా తక్కువే అనిపిస్తుంది. పులికి దూరంగా ఉండడం మనకీ మంచిది, దానికీ మంచిది. కాకపోతే ఏడాదికి రెండుసార్లు వాడే లెన్సుకి అంత డబ్బు పోయడం దేనికి? హైదరాబాదులో రోజు అద్దెకి దొరుకుతుంది.

అసలు నా బాధ ఇక్కడే. పులి కోసం తెచ్చిన అదే 400తో, దారిలో కనబడిన చెంచుపెంట పిల్లల్ని జీపు దిగకుండానే తీసేవాళ్ళున్నారు. దానికి 'క్యాండిడ్' అని పేరు. మీ అపార్టుమెంటు ఎదుటి బిల్డింగులోంచి ఎవడో 400 పెట్టి మీ పిల్లల్ని తీస్తుంటే ఊరుకుంటారా? సెక్యూరిటీని పిలవరూ? మరి నల్లమలలో అది ఫోటోగ్రఫీ ఎలా అయింది?

"దగ్గరికెళితే పోజులు పెడతారండీ, సహజత్వం పోతుంది" అంటారు. నిజమే, మొదటి పది నిమిషాలు. మగ్గం దగ్గర కూర్చుని చూడండి. దారాల మీద చూపు తిప్పితే డిజైను తప్పుతుంది కాబట్టి, కాసేపటికి ఆయన మిమ్మల్ని మర్చిపోయి పనిలో పడతాడు. ఆ పది నిమిషాలు ఆగలేకే మనం పెద్ద లెన్సు కొంటున్నామేమో ఆలోచించండి. దగ్గరికెళ్ళి అడిగితే "వద్దు" అనే అవకాశం కూడా అవతలి వాళ్ళకి ఉంటుంది. అంటే కెమెరా దించేయాలి, అంతే.

కాబట్టి నా సలహా ఇది. కొత్త లెన్సు కొనేముందు ఒక నెలపాటు 18-55ని 35 దగ్గరే ఉంచి తీయండి. ఇంట్లో మనుషులు, ఊళ్ళో సంతలు, పండగలు, అన్నీ దాంతోనే. సరిపోయిందనిపిస్తే 35 ఎఫ్/1.8 కొనుక్కోండి. వైడూ, టెలీ అవసరం పడ్డప్పుడు అద్దెకి తెచ్చుకోండి. మిగిలిన డబ్బులో కొంత ప్రింట్లకి ఖర్చు పెట్టి, మళ్ళీ గద్వాల వెళ్ళినప్పుడు ఎవరి ఫోటో వాళ్ళ చేతిలో పెట్టండి.